స్కౌటు శిక్షణము – గ్రామమునకు పెట్టనికోట

వేసవి సెలవులు వచ్చినంతనే మన పల్లెలలో పిల్లల కాళ్లు చెరువుగట్టు వైపునకే సాగును. కాకతీయుల నాటి నుండియు చెరువులకు ప్రసిద్ధిగాంచిన ఓరుగల్లు సీమలో ఇది సహజము. చెరువు మనకు అన్నము పెట్టిన తల్లి. ఐనను ఏటేట ఆ చెరువే కొందరు తల్లులకు కడుపుకోత మిగుల్చుచున్నది. నీట మునుగుటను బాలల మరణములకు గల ముఖ్యకారణములలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించుచున్నది.

పిల్లలను ఇంటిలో కట్టివేయుట సాధ్యము కాదు. సాధ్యమైనను మంచిది కాదు. మరి వారిని ఆరుబయటికి పంపుచునే వారి ప్రాణములకు భద్రత కల్పించు ఉపాయమేమి? ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైబడిన అనుభవములో నిలిచిన సమాధానమొకటి కలదు. అదియే స్కౌటు శిక్షణము. పట్టణములలోని పాఠశాలలకే పరిమితమైన వేడుకగా దీనిని పలువురు భావించుచున్నారు. నిజమునకు దీని అవసరము పల్లెలకే ఎక్కువ. గ్రామపంచాయతీ సభ్యులు ఈ విషయమును గూర్చి ఒకింత ఆలోచింపవలెనని ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ వ్యాసకర్త బాల్యమున జరిగిన సంఘటన యొకటి ఇచట చెప్పుట అప్రస్తుతము కాదు. ఒకనాటి మధ్యాహ్నము మా ఊరి చెరువులో మాతో ఆడుకొనుచున్న పిల్లవాడు లోతునకు పోయెను. గట్టు మీద ఇరువదిమందికి తక్కువగాకుండ పెద్దలుండిరి. ఎడ్లబండి అచ్చటనే యున్నది. బండిలో మోకు ఉన్నది. ఆ మోకును విసరవలెనని ఎవరికిని తోచలేదు. ఒకరు ఉరికిరి, వారికిని ఈత రాకపోవుటచే వారిని బయటికి లాగుటతోనే కాలము గడచిపోయెను. పిల్లవానిని ఒడ్డునకు చేర్చిన పిదప తలక్రిందులుగా పట్టుకొని త్రిప్పిరి. అది మేలు చేయునని అందరును నమ్మిరి. ఆనాడు అచ్చట ధైర్యమునకు కొదువలేదు, దయకు కొదువలేదు, తెలివిడికే కొదువ. ఆ తెలివిడిని ముందుగా నేర్పి సిద్ధపరచుటయే స్కౌటు శిక్షణము యొక్క సారము. 'సిద్ధముగా నుండుము' అనునదే వారి నినాదము.

ఉద్యమ చరిత్ర

1907వ సంవత్సరము ఆగస్టు మాసములో బేడెన్ పవెల్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి ఇంగ్లండు దక్షిణ తీరమున గల బ్రౌన్‌సీ దీవిలో సుమారు ఇరువదిమంది బాలురతో ఒక శిబిరము నడిపెను. అందు ధనవంతుల బిడ్డలును, కూలిజనుల బిడ్డలును కలసి యుండుట గమనింపదగిన విషయము. వారందరును ఒకే గుడారములలో పరుండి, ఒకే పొయ్యి మీద వండుకొనిరి. మరుసటి యేడు, 1908లో, ఆయన ప్రచురించిన గ్రంథముతో ఈ ఉద్యమము దేశదేశములకు ప్రాకెను.

మన దేశమున 1909లో బెంగుళూరులో మొదటి ట్రూపు ఏర్పడెను. కాని ఆరంభమున దానిలో భారతీయ బాలురకు ప్రవేశము లేకపోయెను. ఆ అవమానమును సహింపక అనీబిసెంటు, అరండేలు మున్నగువారు 1916లో మద్రాసున భారతీయ బాలుర కొరకు ప్రత్యేక సంఘము స్థాపించిరి. ఉత్తరాదిన మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజపేయి గారలు సేవాసమితి పక్షమున వేరొక సంఘమును నడపిరి. స్వాతంత్ర్యానంతరము ఈ సంఘములు ఒక్కటై, 1950 నవంబరు 7వ తేదీన 'భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్' అను సంస్థగా వెలసెను. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘము కూడ ఇందు చేరినది.

క్రమశిక్షణ గల యువజన సేవాదళము మన తెలుగువారికి క్రొత్త కాదు. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగినపుడు వచ్చిన జనసందోహమును అదుపులో నుంచుటకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి 'రామదండు' చేసిన సేవ చరిత్ర కెక్కినది. మార్గములు వేరైనను, తర్ఫీదు పొందిన యువకులు నలుగురికి ఆసరా కాగలరను సత్యము ఒక్కటే.

కాజీపేట విశేషము

కాజీపేట పేరు వినగానే మనకు రైలు జంక్షను గుర్తునకు వచ్చును. ఢిల్లీ – మద్రాసు మార్గమును సికింద్రాబాదు మార్గము కలియు చోటు అది. 1929లో కాజీపేట – బల్హార్షా మార్గము పూర్తియైన నాటి నుండి ఉత్తర దక్షిణములకు ఈ ఊరు వాకిలివలె నిలిచినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో ఇది ముఖ్యమైన జంక్షను.

స్కౌటు సంస్థ నిర్మాణములో రైల్వేలకొక ప్రత్యేకత కలదు. ఒక్కొక్క రైల్వే మండలమును ఒక్కొక్క రాష్ట్ర శాఖతో సమానముగా ఈ సంస్థ గుర్తించినది. ఆ ప్రకారము దక్షిణ మధ్య రైల్వేకును ఒక శాఖ యున్నది. రైల్వే స్కౌట్లు వేసవిలో ప్రయాణికులకు మంచినీరు అందించుట, రద్దీ దినములలో వృద్ధులకు తోడ్పడుట పలు స్టేషన్లలో కనబడు దృశ్యము. రైల్వే నియామకములలో అర్హత గల స్కౌట్లకు కొద్దిపాటి ఉద్యోగములు ప్రత్యేకించు పద్ధతి కూడ కలదు. ఉద్యోగమే లక్ష్యముగా పిల్లలను చేర్పించుట తగదుగాని, ఈ శిక్షణమునకు ప్రభుత్వము ఇచ్చు విలువను ఇది తెలుపును.

నేడు కాజీపేట మహానగర పాలక సంస్థ పరిధిలో హనుమకొండ జిల్లాయందు ఉన్నది. దాని చుట్టును పల్లెలు, చెరువులు, నల్లరాతి గుట్టలు కలవు. కాజీపేటకు సమీపమున మడికొండ వద్ద గల మెట్టుగుట్ట మీద రాతిపై రాయి పేర్చినట్లు నిలిచిన స్తంభములు దూరమునకే కనబడును. ఇంతకు మించిన పాఠశాల ఆరుబయట శిక్షణమునకు ఇంకెచ్చట దొరకును?

పిల్లల పంచాయతీ

స్కౌటు పద్ధతికి ప్రాణము 'పెట్రోలు'. ఆరుగురు మొదలు ఎనమండుగురు పిల్లలు కలసి ఒక పెట్రోలు. అట్టివి కొన్ని చేరినచో ఒక ట్రూపు. ప్రతి పెట్రోలునకు ఒక నాయకుడు, ఒక సహాయనాయకుడు ఉందురు. పెద్దవాడైన స్కౌటు మాస్టరు ప్రతి పనికిని ఆజ్ఞలు జారీచేయడు. పెట్రోలు నాయకుడే తన వారికి పనులు పంచును: ఒకరికి వంట, ఒకరికి నీరు, ఒకరికి కట్టెలు, ఒకరికి పారిశుధ్యము. మరునాడు పనులు మారును. నిన్న వండినవాడు నేడు గిన్నెలు తోమును. తనవారు భుజించిన తరువాతనే నాయకుడు భుజించుట మంచి ట్రూపులలో మర్యాద.

పెట్రోలు నాయకులందరును కలసి కూర్చుండు సభకు 'మర్యాదసభ' యని పేరు. ఎచటికి నడక సాగవలెను, ఎంత ఖర్చు పెట్టవలెను, నియమము తప్పినవానిని ఏమి చేయవలెను అను విషయములు అచట చర్చకు వచ్చును. పంచాయతీ సభ్యులకు ఇది సుపరిచితమైన పద్ధతియే గదా! పండ్రెండేండ్ల ప్రాయమున ఇతరుల మాట వినుట, తన మాట నెమ్మదిగా చెప్పుట, ఒప్పుకొన్న నిర్ణయమునకు కట్టుబడుట నేర్చినవాడు ముప్పదియవ యేట మీ ప్రక్కన కూర్చుండి గ్రామమును చక్కగా నడుపగలడు. నాయకత్వము ఉపన్యాసముల వలన రాదు. చిన్న బాధ్యత పెద్ద నమ్మకముతో అప్పగించినపుడు వచ్చును.

పది సంవత్సరములు నిండిన బాలురు స్కౌట్లుగను, బాలికలు గైడులుగను చేరవచ్చును. అంతకు చిన్నవారు కబ్, బుల్‌బుల్ అను విభాగములలో నుందురు. వయసు పెరిగిన యువకులకు రోవర్లు, యువతులకు రేంజర్లు అను విభాగములు కలవు. ప్రవేశ్ తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములు. ఆపై రాజ్య పురస్కారము, రాష్ట్రపతి పురస్కారము. మెట్టు మెట్టునకు పరీక్ష యుండును. కంఠస్థము చేసి గట్టెక్కు పరీక్ష కాదది. చేతితో చేసి చూపవలెను.

ఒక దినపు నడకలో ఏమి నేర్తురు?

కాజీపేట నుండి ఒక పెట్రోలు తెల్లవారుజామున మెట్టుగుట్టకు బయలుదేరినదని అనుకొందము. బయలుదేరుటకు ముందే ప్రతి పిల్లవాని తల్లిదండ్రుల అనుమతి పత్రము మాస్టరు చేతికి వచ్చియుండును. పోవు దారి, తిరిగివచ్చు వేళ ఇంటివద్ద వ్రాసి యుంచుదురు. నీళ్లు, ప్రథమచికిత్స పెట్టె, త్రాడు, పటము ఉన్నవో లేవో నాయకుడు సరిచూచును.

దారిలో పటము చూచి గుర్తులు పోల్చుకొందురు. దిక్సూచి లేనిచో ఉదయపు సూర్యునిబట్టి దిక్కులెరుగుదురు. రాత్రి శిబిరమైనచో సప్తర్షి మండలము సాయమున ధ్రువనక్షత్రమును వెదకుదురు. మన కాజీపేట వద్ద అది ఉత్తరమున నేలకు సుమారు 18 డిగ్రీల ఎత్తున మాత్రమే కనబడును. చెట్టెక్కకుండగనే చెట్టు ఎత్తు కట్టుదురు. 1 మీటరు కర్రను నిలువుగా నాటిన దాని నీడ 2 మీటర్లున్నదనుకొనుడు; అదే వేళకు చెట్టు నీడ 16 మీటర్లున్నచో చెట్టు ఎత్తు 8 మీటర్లు. బడిలో బరువనిపించిన త్రైరాశికము ఇచట ఆటయగును.

త్రాటి ముడులు మరియొక ముఖ్యవిద్య. రెండు త్రాళ్లను కలుపు ముడి వేరు, గుంజకు కట్టు ముడి వేరు. మనిషి నడుమునకు వేసినను బిగుసుకొనక ఉచ్చుగా నిలుచు ముడి యొకటి కలదు. బావిలో పడినవానిని, వరదలో చిక్కినవానిని బయటికి లాగుటకు ఆ ముడియే శరణ్యము. ఎడ్లను, గడ్డిమోపులను కట్టుచు పెరిగిన రైతుబిడ్డలకు ఈ విద్య పట్టణపు పిల్లలకంటె త్వరగా అబ్బును.

ఇక ఆపద వేళలను గూర్చి వారు నేర్చు పాఠములు ప్రతి ఇంట తెలియదగినవి. నీట మునుగుచున్నవాని కొరకు ఈత రానివారు నీటిలో దుముకరాదు. ముందు కేకవేయవలెను, కర్రగాని పంచెగాని చాపవలెను, అందనిచో త్రాడు విసరవలెను, త్రాడు లేనిచో మూత బిగించిన ఖాళీ డబ్బానైన విసరవలెను. ఒడ్డునకు చేర్చిన పిదప తలక్రిందులు చేయుట, కడుపు మీద అదుముట హానికరము. శ్వాస లేనిచో తలను కొంచెము వెనుకకు వంచి నోటిలో నోరుంచి ఊపిరి ఊదవలెను. రొమ్ము నడుమ 30 మార్లు గట్టిగా నొక్కి, 2 మార్లు ఊపిరి ఊదుచు, నిమిషమునకు 100 నుండి 120 వంతున నొక్కు వేగమును విడువక సాగింపవలెను. ఇంతలో మరియొకరు 108కి కబురు చేయవలెను. పాము కాటుకు కోతలు పెట్టుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టువేయుట మాని, రోగిని కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. ఉరుములు మెరుపులు వచ్చినపుడు ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. ఇవన్నియు చదివినంత మాత్రమున రావు. తర్ఫీదు పొందినవారి యెదుట పలుమార్లు చేసి చూడవలెను.

పదునాలుగు దినముల రెండు పాఠములు

సాహసమనగా తెగింపు యని కొందరు తలంచుదురు. 2014వ సంవత్సరమున పదునాలుగు దినముల వ్యవధిలో జరిగిన రెండు సంగతులు ఈ భ్రమను తొలగింపగలవు.

2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అను పదమూడేండ్ల బాలిక ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడ శిఖరమును చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. నిరుపేద కుటుంబముల బిడ్డలు. వీరు స్కౌటు ఉద్యమము ద్వారా వచ్చినవారు కారు. ఐనను వారి శిక్షణ విధానము మనకు పాఠము. వారు ఒక్కసారిగా హిమాలయమునకు పోలేదు. కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గమున గల భువనగిరి కొండ మీద శేఖర్‌బాబు మున్నగు శిక్షకుల పర్యవేక్షణమున రాళ్లెక్కుట నేర్చిరి. పిమ్మట డార్జిలింగులోను, లడఖు చలిలోను మెట్టు మెట్టుగా తర్ఫీదు పొందిరి. త్రాడు ఎట్లు కట్టవలెనో, ఎచట ఆగవలెనో తెలిసికొనిన తరువాతనే శిఖరమునకు బయలుదేరిరి.

సరిగా రెండు వారముల తరువాత, జూన్ 8వ తేదీన, హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఒక కళాశాల విద్యార్థులు హిమాచల ప్రదేశములోని బియాస్ నది గర్భమున రాళ్లపై నిలిచి యుండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీరు ముంచుకొనివచ్చి 24మంది విద్యార్థులను పొట్టనబెట్టుకొన్నది. తప్పు ఆ బిడ్డలది కాదు. నదిలో దిగుటకు ముందు ఎగువన ఏమున్నదని విచారించి, స్థానికులను అడిగి, వలదని చెప్పవలసిన పెద్దల ఏర్పాటు కొరవడినది.

ఎవరెస్టు కంటె ఆ నదీగర్భము చూపులకు ఎంతో సులువైన చోటు. కాని ప్రమాదము చోటులో మాత్రమే లేదు. సిద్ధపాటు లేకపోవుటలో నున్నది.

తల్లిదండ్రుల సందేహములు

గ్రామములలో ఈ ప్రస్తావన తెచ్చినపుడు కొన్ని సందేహములు వచ్చుట సహజము. వాటిని త్రోసిపుచ్చక సమాధానము చెప్పవలెను.

చదువు చెడునని కొందరందురు. స్కౌటు కూటములు వారమున ఒకమారు, బడి వేళలు ముగిసిన తరువాత జరుపుకొనవచ్చును. శిబిరములు సెలవులలో పెట్టుకొనవచ్చును.

ఖర్చు అధికమని మరికొందరి మాట. బూడిదవన్నె చొక్కా, ముదురు నీలము లాగు, మెడకు రుమాలు అనునవి నిజముగా పేదవానికి భారమే. ఐతే దుస్తులు లేవను కారణమున ఏ పిల్లవానిని వెనుకకు పంపరాదు. దాతల సాయమున అందరికిని ఒకేమారు కుట్టించుట మేలు. ఒకనికి క్రొత్తది, ఒకనికి లేనిది అనునట్లుండరాదు.

ఒకే కుండలో వండి ఒకే పంక్తిలో భుజించుటకు సందేహించువారు నేటికిని అక్కడక్కడ కలరు. ఈ విషయమున రాజీ పనికిరాదు. స్కౌటు నియమావళి ప్రకారము స్కౌటు అందరికి మిత్రుడు, ప్రతి స్కౌటుకు సోదరుడు. కొండ ఎక్కునపుడు పైవాడు పట్టుకొనిన త్రాటిని నమ్మి క్రిందివాడు అడుగువేయును; ఆ త్రాడు పట్టినవాని కులమేదని ఎవడును అడుగడు. ఆ పాఠము ఊరికి తిరిగివచ్చిన తరువాత కూడ నిలువవలెను.

ఆడపిల్లలను పంపుటెట్లని తల్లులు అడుగుదురు. గైడు కంపెనీని స్త్రీయే నడుపవలెను. శిబిరమున స్త్రీ నాయకురాలు, మరుగుదొడ్డి, రాత్రి కాపలా ఉన్నవని తల్లులే ముందుగా వచ్చి చూచుకొనవలెను. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడిన ఈ కాలమున మహిళా సభ్యులు పూనుకొనినచో ఈ జంకు తీరుట కష్టము కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదట గ్రామసభలో ఈ విషయమును చర్చించి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునితో సంప్రదింపవలెను. పాఠశాల ద్వారా జిల్లా స్కౌటు సంఘమునకు వ్రాసినచో ట్రూపు నమోదు విధానమును వారు తెలుపుదురు.

రెండవది, తగిన మనిషిని ఎన్నుకొనుట. ఉపాధ్యాయుడైనను, సేవాతత్పరుడైన యువకుడైనను కావచ్చును. అతనిని సంస్థవారి ప్రాథమిక శిక్షణమునకు పంపవలెను. శిక్షణము లేని ఉత్సాహవంతుని చేతికి పిల్లలను అప్పగించుట కంటె ట్రూపు లేకుండుటయే మేలు. అతని నడవడిని గూర్చి విచారించుట కూడ పంచాయతీ బాధ్యత.

మూడవది, స్థలము. 2020 నుండి తెలంగాణ పల్లెలలో పెంచిన ప్రకృతి వనములును, 2022 నుండి ఏర్పరచిన క్రీడాప్రాంగణములును వారపు కూటములకు చక్కగా ఉపకరించును. అడవి ప్రాంతమునకు పోవునపుడు అటవీశాఖ అనుమతి ముందుగా పొందవలెను.

నాలుగవది, చెరువు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ వలన అనేక చెరువులు పూడిక తీయబడి బాగుపడినవి. ఏ చెరువునందైనను మట్టి తీసిన చోట పైకి కనబడని లోతులుండును. నిరుడు మోకాలిబంటి నీరున్న తావు ఈ యేడు నిలువెత్తు కావచ్చును. అట్టి తావులను గుర్తించి పలకలు నాటించుట, గట్టు మీద ఒక స్తంభమునకు పొడవైన త్రాడును, గాలి నింపిన ట్యూబును వ్రేలాడగట్టించుట పంచాయతీకి పెద్ద వ్యయము కాదు. త్రాడు చీకిపోయినదో లేదో వారమునకొకమారు చూచు పనిని స్కౌట్లకు అప్పగింపవచ్చును. వారికది సేవ, గ్రామమునకది రక్ష.

ఐదవది, లెక్క. పిల్లలు నీటి వద్దకు పోయిన ప్రతిమారు ఇద్దరిద్దరిని జతపరచి, జతలోని ప్రతివాడును రెండవవానిని కనిపెట్టియుండునట్లు చేయవలెను. పోవునపుడు, దిగునపుడు, వచ్చునపుడు తలలు లెక్కింపవలెను. అనుభవము గల ఈతగాడు లేనిచో నీటిలోనికి దింపరాదు. వర్షసూచన యున్న దినమున నడకను వాయిదా వేయుట పిరికితనము కాదు, అదియే నాయకత్వము.

మనవి

ఒక గ్రామమున ముప్పదిమంది పిల్లలు ఈ శిక్షణము పొందినచో ముప్పది ఇండ్లలో త్రాడు విసరుట తెలిసినవాడు, గాయమునకు కట్టు కట్టగలవాడు, భయపడక 108కి దారి చెప్పగలవాడు ఉన్నట్లే. జాతర రద్దీలో తప్పిపోయిన ముసలమ్మను తనవారి వద్దకు చేర్చుటకును, వరద వచ్చిన రాత్రి లోతట్టు ఇండ్ల తలుపు తట్టుటకును వారు సిద్ధముగా నుందురు. ఇట్టి పిల్లలే గ్రామమునకు పెట్టనికోట.

వేసవి వచ్చిన తరువాత ఆలోచించుట ఇల్లు కాలినపుడు బావి త్రవ్వుట వంటిది. కావున సభ్యులు రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ యంశమును చేర్చుకొందురుగాక. అంతవరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు. రేపు ఉదయము చెరువుగట్టు మీదుగా పోవునపుడు ఒక్క నిమిషము ఆగి, ఒక పిల్లవాడు ఇపుడీ నీటిలో మునిగినచో ఇచట చేతికందు త్రాడేదని చూడుడు. లేనిచో, సాయంకాలములోగా ఒకటి కట్టింపుడు.